ఆ ఫోటోలో ఉన్న నీలం రోబోకి ఆ వార్తతో ఏం సంబంధం?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీల్లో "పిల్లల్ని మింగేస్తున్న వీడియో గేమ్స్" అని అర పేజీ కథనం వచ్చింది. రాసిన విలేకరి ఎవరో గానీ నాలుగిళ్ళూ తిరిగి రాశారు, అందులోని సంగతులకి నేను వంక పెట్టను. బెట్టింగ్ యాప్‌లో సెమిస్టర్ ఫీజు పోగొట్టుకున్న డిగ్రీ కుర్రాడు, నాన్న ఫోన్‌లోంచి గేమ్ డైమండ్లు కొనేసిన ఎనిమిదో తరగతి పిల్లాడు, ఇవి మా వీధిలోనూ ఉన్న కథలే. నా పేచీ అంతా పక్కన వేసిన ఫోటోతో. నీలం హెల్మెట్, నీలం బూట్లు, ఒక చేతి స్థానంలో తుపాకీ గొట్టం, గాల్లోకి ఎగురుతున్న చిన్న రోబో. దాని కింద ఎర్ర అక్షరాల్లో "బానిసలవుతున్న బాల్యం" అని ఒక లైను.

నెట్‌లో వీడియో గేమ్ అని కొట్టి ముందు కనబడింది తీసి పెట్టేసి ఉంటారు. రాత్రి డెస్క్‌లో ఉండే హడావుడి నాకూ తెలుసు, మా బావమరిది ఒకప్పుడు అదే పని చేశాడు. కానీ బ్యాంకు దోపిడీ వార్త పక్కన దారిన పోయే దానయ్య ఫోటో వేస్తే దానయ్య ఇంటివాళ్ళు ఊరుకోరు కదండీ. ఈ రోబో తరఫున మాట్లాడేవాళ్ళు మన జిల్లాలో ఎవరూ లేరు కాబట్టి నేను రాస్తున్నాను, కాస్త పొడుగు ఉత్తరమే, కత్తిరించకుండా వేస్తే సంతోషం.

ఆ బొమ్మ పేరు మెగామ్యాన్. పుట్టిన జపాన్‌లో రాక్‌మ్యాన్ అంటారు. క్యాప్‌కామ్ అనే కంపెనీ 1987 డిసెంబర్‌లో నింటెండో వాళ్ళ ఫ్యామికామ్ అనే టీవీకి తగిలించి ఆడే మెషిన్ కోసం విడుదల చేసిన ఆట. వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూర్చుని చేశారు. కథ ఏమిటంటే, డాక్టర్ లైట్ అనే పెద్దాయన మనుషులకి సాయంగా ఉంటాయని రోబోలు తయారుచేస్తాడు, ఒకటి చెట్లు కొట్టడానికి, ఒకటి రాళ్ళు మోయడానికి, ఒకటి కరెంటు ప్లాంటు చూసుకోవడానికి, ఇలా ఆరు. డాక్టర్ వైలీ అనేవాడు ఆ ఆరింటి బుర్రలూ మార్చేసి ఊరి మీదకి తోలతాడు. అప్పుడు డాక్టర్ ఇంట్లో పనులకి సాయం చేసుకుంటూ ఉన్న రోబో పిల్లాడు, నన్ను యుద్ధానికి పనికొచ్చేలా మార్చండి అని తనే అడుగుతాడు. అంటే హీరో పుట్టుకతో సైనికుడు కాదు, ఇంట్లో పనిచేసే కుర్రాడు. విలన్లు కూడా నిజానికి విలన్లు కారు, ఎవడో పక్కదారి పట్టించిన పనివాళ్ళు. పన్నెండేళ్ళ వయసులో ఇదంతా మాకేమీ తెలీదు, ఎదురొస్తే కాల్చాలి అంతే. పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది.

ఇప్పుడు ఆట ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మీ కథనంలో "బుర్రకి పని లేకుండా బటన్లు నొక్కడం" అని ఒక వాక్యం ఉంది, ఈ ఉత్తరం రాయించింది అదే.

స్విచ్ వేయగానే తెర మీద ఆరు మొహాలు కనబడతాయి. కట్ మ్యాన్, గట్స్ మ్యాన్, ఐస్ మ్యాన్, బాంబ్ మ్యాన్, ఫైర్ మ్యాన్, ఎలెక్ మ్యాన్. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆట చెప్పదు, మనిష్టం. ఆ రోజుల్లో మిగతా ఆటలు చాలావరకు ఒకటో స్టేజి తర్వాత రెండోది, రెండో దాని తర్వాత మూడోది అని తాడు కట్టి లాక్కెళ్ళేవి. ఇక్కడ ఒకణ్ణి ఓడిస్తే వాడి ఆయుధం మనకి వస్తుంది, ఆ ఆయుధానికి ఇంకొకడు చచ్చేంత భయపడతాడు. బాంబ్ మ్యాన్ బాంబులు పట్టుకుని గట్స్ మ్యాన్ దగ్గరికి వెళ్ళాలి. గట్స్ మ్యాన్ నుంచి రాళ్ళు ఎత్తే బలం వస్తే దాన్ని కట్ మ్యాన్ మీద వాడాలి, వాడి గదిలో రెండు పెద్ద దిమ్మలు ఊరికే పడి ఉంటాయి, మొదటిసారి చూసినప్పుడు అవి అడ్డం కోసం పెట్టారనుకుంటాం, బలం వచ్చాక వెళ్తే వాటిని ఎత్తి వాడి నెత్తిన వేయొచ్చని అర్థమవుతుంది, రెండు దిమ్మలకి రెండు దెబ్బలు, మనిషి ఫినిష్. కట్ మ్యాన్ కత్తెర ఎలెక్ మ్యాన్‌కి, ఎలెక్ మ్యాన్ మెరుపు ఐస్ మ్యాన్‌కి, ఐస్ మ్యాన్ మంచు ఫైర్ మ్యాన్‌కి, ఫైర్ మ్యాన్ మంట మళ్ళీ బాంబ్ మ్యాన్‌కి. గొలుసు పూర్తయింది. ఇది ఎక్కడా రాసి ఉండదు. తప్పు ఆయుధంతో వెళ్ళి చావుదెబ్బలు తిని, వీడికి ఏది తగిలితే లైఫ్ గీత ఎక్కువ తగ్గుతోంది అని కళ్ళతో కనిపెట్టి, మనమే గొలుసు కట్టుకోవాలి. స్కూల్లో సైన్స్ ప్రయోగం అని మా చేత చేయించినదాని కంటే ఇందులోనే ప్రయోగం ఎక్కువ అని నా గట్టి అభిప్రాయం, సైన్స్ మాస్టార్లు కోప్పడకూడదు.

గట్స్ మ్యాన్ స్టేజి మొదట్లోనే ఒక చోటు ఉంది. పట్టాల మీద చిన్న పలకలు అటూ ఇటూ తిరుగుతుంటాయి, కింద ఏమీ లేదు, పడితే పోయినట్టే. పలక ఎక్కి నిలబడితే సుఖంగా తీసుకెళ్తుంది. కానీ పట్టా ఒకట్రెండు చోట్ల తెగి ఉంటుంది, అక్కడికి రాగానే పలక ఒరిగిపోయి మనల్ని కింద పారేస్తుంది. ఆ తెగిన చోటు వచ్చే క్షణంలో గాల్లో ఉండాలి, అది దాటగానే మళ్ళీ అదే పలక మీద దిగాలి. ముందే ఎగిరితే తిరిగొచ్చి సరిగ్గా గ్యాప్‌లోనే దిగుతాం, ఆలస్యమైతే ఎగరడానికి కాలి కింద పలకే ఉండదు. మొదటి రోజు అందరూ అక్కడే పోతారు. అయితే ఆ పట్టా తెగి ఉన్న సంగతి దాచిపెట్టలేదండీ, బొమ్మలో స్పష్టంగా గీశారు, చూసినవాడికి చూసినంత. ఈ ఆట చేసినవాళ్ళ మీద నాకు గౌరవం వచ్చింది అక్కడే.

1990ల్లో మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో ఒక ఫ్యాన్సీ షాపు వెనక గదిలో రెండు కలర్ టీవీలు పెట్టి గంటకింత అని ఆడించేవారు. అసలు నింటెండో మెషిన్లు మాకెక్కడివి, అన్నీ వాటి కాపీలే. ఆట ఉండే క్యాసెట్ పట్టకపోతే బయటికి లాగి నోటితో ఉఫ్‌మని ఊది మళ్ళీ గుచ్చడం అక్కడ అందరికీ వచ్చిన వైద్యం. షాపాయన మా ఆట కంటే గోడ గడియారాన్నే ఎక్కువ చూసేవాడు, ముల్లు గంట మీదకి రాకముందే "టైం అయిపోనాది, లెగండ్రా" అని మొదలుపెట్టేవాడు. ఆడేవాడు ఒకడైతే వెనక నిలబడి సలహాలు చెప్పేవాళ్ళు అరడజను. ఈ మొదటి భాగంలో ఆటని సేవ్ చేసుకునే దారే లేదు, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టే పాస్‌వర్డ్ కూడా లేదు, ఐదుగుర్ని కొట్టాక కరెంటు పోతే మళ్ళీ ఆరు మొహాల దగ్గర నుంచే. అప్పట్లో మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు చెప్పాలా! ఒకసారి ఐస్ మ్యాన్ స్టేజిలో మాయమయ్యే దిమ్మెల మీద ఎగురుతూ చివరి దిమ్మె మీద కాలు పెట్టేసరికి ఫ్యాన్ ఆగింది, టీవీ ఆగింది, గదిలో అందరూ ఒకేసారి అరిచారు. షాపాయన మాత్రం నిమ్మళంగా పెట్రోమాక్స్ వెలిగించుకుని, ఆడిన టైంకి డబ్బులు తీసుకున్నాడు.

ఆరుగురూ అయ్యాక వైలీ కోట. అక్కడ ఎల్లో డెవిల్ అని ఒక పసుపు రాక్షసుడు ఉంటాడు, ఒంటి కన్ను. ఒళ్ళంతా ముక్కలు ముక్కలై తెర ఈ చివర నుంచి ఆ చివరకి ఎగిరెళ్ళి మళ్ళీ కూడుకుంటాడు, కూడుకుని కన్ను తెరిచినప్పుడు మాత్రమే దెబ్బ తగులుతుంది. ముక్కలు ఎగిరే వరస ఎప్పుడూ ఒకటే, పై ముక్క, కింద ముక్క, మధ్య ముక్క అని ఎక్కాల్లా బట్టీ పట్టినవాడే బతుకుతాడు. శ్రీకాకుళం నుంచి సెలవులకి మేనత్త ఇంటికొచ్చిన కుర్రాడొకడు మాకు ఒక కిటుకు నేర్పాడు. ఎలెక్ మ్యాన్ మెరుపు వదిలి, అది కంటికి తగులుతున్నప్పుడు సెలెక్ట్ బటన్ టకటకా నొక్కి ఆటని ఆపుతూ విడుస్తూ ఉంటే, ఒకే మెరుపు మళ్ళీ మళ్ళీ తగిలి రాక్షసుడు నిలబడి నిలబడే పోతాడు. ప్రోగ్రామ్‌లో లోపం అది. ప్రపంచమంతా ఆ లోపాన్ని వాడుకున్నారని తర్వాతెప్పుడో చదివి ఆశ్చర్యపోయాను, నెట్ లేని రోజుల్లో అది శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దాటి మా గంటస్తంభం దాకా ఎలా నడిచొచ్చిందో!

అలాగని పాత ఆటలు మడి కట్టుకుని కూర్చున్నాయని నేను అనను. షాపుల్లో నాణెం వేసి ఆడే మెషిన్లు పిల్లల్ని త్వరగా చంపి ఇంకో నాణెం వేయించడానికే తయారైనవి. మెగామ్యాన్ కూడా కొన్నిచోట్ల మరీ దుర్మార్గం, ముళ్ళ మీద పడితే లైఫ్ ఎంత నిండుగా ఉన్నా ఒక్క దెబ్బకి పోతాం, అది న్యాయం కాదు. వైలీ కోటలో పనికొచ్చే మ్యాగ్నెట్ బీమ్ అనే వస్తువు ఎలెక్ మ్యాన్ స్టేజిలో దిమ్మెల వెనక ఉంటుంది, దాన్ని వదిలేసి పోతే కోట దగ్గర ఇరుక్కుంటాం, ఆ మాట ముందు చెప్పరు. స్కూలు ఎగ్గొట్టి షాపుల్లో కూర్చున్న గుంటలూ ఉన్నారు, ఇంటి దగ్గర వీపు చిట్లగొట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ ఆటకి ఒక చివర ఉంది. వైలీ మోకాళ్ళ మీద కూర్చుని దండం పెడతాడు, రోబో పిల్లాడు ఇంటికి వెళ్తాడు, పేర్లు పడతాయి, అయిపోయింది. క్యాసెట్ కొన్నవాడి దగ్గర క్యాప్‌కామ్ రెండోసారి పైసా అడగదు. ఓడిపోతే మళ్ళీ ఆడు అంటుంది, ఇంత కట్టు గెలిపిస్తా అనదు.

మీ కథనంలో ఉన్న ఆటలు వేరే జాతి. ఫోన్ గేమ్‌లో ప్రాణం అయిపోతే నాలుగు గంటలు ఆగు, ఆగలేకపోతే డైమండ్లు కొను. రోజూ రాకపోతే నీ వరస తెగిపోతుంది, స్నేహితుడు నీ కన్నా ముందున్నాడు, ఈ డ్రెస్సు ఇవాళ రాత్రి వరకే. వాటికి చివర లేదు, చివర ఉంటే వాళ్ళకి నష్టం. ఇక బెట్టింగ్ యాప్‌లు అసలు ఆటలే కావు, పేకాట క్లబ్బుని జేబులో పెట్టి పంపడం. ఈ తేడా నేను కనిపెట్టింది కూడా కాదు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్ వేరు, సరదాకి ఆడే సోషల్ గేమ్‌లు వేరు, డబ్బు పెట్టి ఆడేవి వేరు అని విడదీసి, మూడో రకాన్ని నిషేధించింది. చట్టం చూసిన తేడా మీ హెడ్డింగ్‌లో కనబడలేదు. దీనివల్ల నష్టం ఎవరికంటే తల్లిదండ్రులకే. ఈ హెడ్డింగ్ చూసిన మా పక్కింటావిడ కొడుకు దగ్గర ఉన్న పాత టీవీ గేమ్‌ని అటక మీద పడేసి, ఫోన్ మాత్రం "ఆన్‌లైన్ క్లాసులు ఉంటాయి కదా" అని వాడి చేతికే ఇచ్చింది. ప్రమాదం దేనిలో ఉందో దానినే ఉంచారు, మీ పేపర్ సాక్షిగా.

అసలు ఇది ఒక్క ఫోటోతో పోయే విషయం కాదు. సినిమా వస్తే మీరు దర్శకుడెవరు, సంగీతం ఎవరు, కెమెరా ఎవరు, ఎక్కడ సాగదీశారు అని కాలమ్స్ నింపుతారు. ఆట మీ పేజీలోకి రావాలంటే ఎవరో ఒకరు దానివల్ల చెడిపోవాలి. దాన్ని మనుషులు చేస్తారని, బాగా చేసినవీ చెత్తగా చేసినవీ ఉంటాయని ఎక్కడా రాయరు. ఈ నీలం రోబోనే తీసుకోండి. ఆట మొత్తం ఆలోచన అకిరా కితమురా అనే ఆయనది. బొమ్మల పని చేసినవాళ్ళలో కేజీ ఇనఫునే ఒకరు, తర్వాత ఈ సిరీస్‌కి ఆయన పేరే ఎక్కువ వినబడింది. ఆ మెషిన్‌లో ఒక్కో బొమ్మకి మూడు రంగులే వాడుకోగలరు, మూడు రంగుల్లో మొహం, కళ్ళు, నీలం బట్టలు అన్నీ కుదరవు కాబట్టి మొహాన్ని వేరే బొమ్మగా గీసి ఒంటి మీద అతికించారు. ఆయుధం మారిస్తే బట్టల రంగు మారిపోతుంది చూడండి, అది కూడా ఆ మూడు రంగుల పొదుపులోంచి వచ్చిన అందమే.

సంగీతం మనామి మత్సుమాయె అనే ఆవిడ కట్టారు. రాగానికి మూడు గొంతులు, తాళానికి ఒక గరగర శబ్దం, ఇంచుమించు అంతే ఆ మెషిన్ ఇచ్చేది. అందులోనే ఎలెక్ మ్యాన్ స్టేజి పాట వింటే ఎవరో పెద్ద బ్యాండు వాయిస్తున్నట్టు ఉంటుంది. మాది 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, ఘంటసాల గారు చదువుకున్న ఊరు, సుశీల గారు పుట్టిన ఊరు, పాట మంచిదో కాదో చెప్పడానికి మాకు ఆ మాత్రం హక్కు ఉందనుకుంటాను. పెద్ద టీవీ మీద సౌండ్ పెంచి పెడితే మా ఇంట్లో అమ్మమ్మ కూడా "ఇదేటర్రా, బాగుంది" అంది. ఆట వైపు మాత్రం చూడలేదు.

ఇంత చేసినవాళ్ళ పేర్లు ఆట చివర ఏమని పడతాయో తెలుసా? వాళ్ళ సొంత పేర్లు పడవు. వేరే కంపెనీలు వాళ్ళని ఎగరేసుకుపోతాయని భయంతో అప్పట్లో మారుపేర్లే వేయించేవారు. కితమురా గారిది ఏ.కే., ఇనఫునే గారిది ఇనాఫ్‌కింగ్, సౌండ్ ప్రోగ్రామ్ చేసిన ఆయన "యూకిచాన్ పాపా" అని వేసుకున్నాడు, అంటే మన వీధిలో ఫలానావాడి నాన్న అన్నట్టు. సొంత కంపెనీయే పేరు దాచేసిన మనుషులు వీళ్ళు, మనమైనా చెప్పుకోకపోతే ఎలా?

బొమ్మ తప్పు వేసినవాళ్ళలో మీరు మొదటివాళ్ళు కారు లెండి. అమెరికాలో ఈ ఆట అమ్మినప్పుడు డబ్బా మీద రోబో పిల్లాడి బదులు నడివయసు పెద్దమనిషి ఒకాయన చేతిలో పిస్తోలు పట్టుకుని నడుం పట్టేసినట్టు నిలబడి ఉంటాడు. ఆ డబ్బా చూసి ఎవరూ కొనలేదని ఇప్పటికీ నవ్వుకుంటారు. 2012లో వచ్చిన వేరే ఫైటింగ్ ఆటలో ఆ పెద్దమనిషినే ఒక పాత్రగా పెట్టి క్యాప్‌కామ్ వాళ్ళు తమ మీద తామే జోకు వేసుకున్నారు. మీరు అంత చేయక్కర్లేదు, లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ చాలు.

దానితో పాటు ఇంకొకటి అడుగుతున్నాను. మొదటి ఆట పెద్దగా అమ్ముడుపోకపోయినా ఆ జట్టు పట్టుబట్టి, మిగతా పనులు చేసుకుంటూనే రెండో భాగం 1988లో తెచ్చింది, అదే దాన్ని నిలబెట్టింది. ఆ రెండో భాగంలో విలన్లు ఎనిమిది మంది, వాళ్ళని తయారుచేయడానికి ఆట ఆడే పిల్లల్ని బొమ్మలు గీసి పంపమన్నారు, వచ్చిన వాటిలోంచి తీసుకున్నారు. మీ ఆదివారం పిల్లల పేజీలో ఏళ్ళ తరబడి కొండలు, సూర్యుడు, కొబ్బరి చెట్టు ఉన్న బొమ్మలే వస్తున్నాయి. ఒక్క వారం "మీరే ఒక రోబో విలన్‌ని గీయండి, వాడు ఏం పని చేసేవాడు, దేనికి భయపడతాడు" అని అడిగి చూడండి. పలాసలో జీడిపప్పు ఒలిచే రోబో, పొందూరులో నూలు వడికే రోబో, సిరిమాను సంబరంలో జనాన్ని అదుపు చేసే రోబో, ఏవేవి వస్తాయో! దేనికి భయపడతాడు అన్న రెండో ప్రశ్న మాత్రం వదలొద్దు, బొమ్మ గీసినవాడి చేత ఆలోచింపజేసేది అదే.

అలాగే సినిమా సమీక్షల పేజీ అడుగున నెలకి ఒక్క చిన్న కాలమ్ ఆటలకి ఇవ్వండి. ఏ ఆట, ఎవరు చేశారు, ఏ వయసువాళ్ళకి, ఒకసారి కొంటే సరిపోతుందా లేక లోపల మళ్ళీ డబ్బు అడుగుతుందా, ఎన్ని గంటల్లో పూర్తవుతుంది. తల్లిదండ్రులకి కావాల్సినవి ఇవే. పాతవి దొరకవు అనుకోకండి, మెగామ్యాన్ మొదటి ఆరు భాగాలు కలిపి 2015లో ఒకే ప్యాకేజీగా వచ్చాయి, 2008లో వచ్చిన తొమ్మిదో భాగాన్నయితే కావాలనే పాత మెషిన్ ఆటలాగే చేశారు, 2018లో పదకొండోది వచ్చింది. రాసేవాళ్ళు లేరంటారా, మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీల నిండా ఉన్నారు. ఎవరూ దొరక్కపోతే మొదటి నెలది నేనే రాసిస్తాను, డబ్బులు వద్దు, కాకపోతే నాలుగు వందల పదాల్లో ముగించమంటే మాత్రం నా వల్ల కాదు, ఈ ఉత్తరం చూశాక అది మీకూ తెలిసే ఉంటుంది.

ఇట్లు,
మీ పాత చందాదారు,
కంటోన్మెంట్, విజయనగరం